మన బాయి బైబిల్లో ఉంది! హైస్కూల్ పిల్లలకు వాక్యం ఎలా చెప్పాలి?

గోదావరిఖని నుంచి మాట్లాడుతున్నా. హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి, ఎందుకంటే వెనకాల డంపర్ల సౌండ్ వస్తోంది. బ్లాస్టింగ్ టైమ్ అయితే కిటికీ కూడా ఒకసారి ఊగుతుంది. మన దగ్గర రికార్డింగ్ అంటే ఇంతే, కొంచెం అడ్జస్ట్ అవ్వాలి.

ఈరోజు ఎపిసోడ్ ఇద్దరి కోసం. ఒకటి, సండే స్కూల్‌లో గానీ యూత్ మీటింగ్‌లో గానీ హైస్కూల్ పిల్లలకు క్లాస్ తీసుకునే అన్నలు, అక్కలు. రెండు, ఎనిమిది నుంచి టెన్త్ దాకా చదువుతూ, "అమ్మ పంపిస్తే పోతున్నా, నాకైతే ఏం ఎక్కట్లేదు" అనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు. మీరిద్దరూ ఒకే రూమ్‌లో కూర్చుంటారు కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఆ సంగతే ఈరోజు మాట్లాడదాం.

కొత్తగా చూసేవాళ్ల కోసం నా గురించి రెండు ముక్కలు. మా బాపు సింగరేణిలో రిటైర్ అయ్యారు. నేను బీటెక్ చేసి, హైదరాబాద్‌లో కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, తర్వాత ఇంటికొచ్చి ఈ వీడియోల పని పెట్టుకున్నా. వచ్చిన కొత్తలోనే మా చర్చి పెద్దలు, "బాబూ, నువ్వు కంప్యూటర్ చదివినవ్ గదా, పెద్ద పిల్లల క్లాస్ నువ్వే చూసుకో" అన్నారు. కంప్యూటర్‌కూ దానికీ సంబంధం ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. సరే అన్నాను.

మొదటి నెల నేను చేసింది చెప్తా, నవ్వుకోండి. నలభై స్లైడ్‌ల పీపీటీ తయారు చేశా. యానిమేషన్లు, మ్యాపులు, బాణాలు. పిల్లలు పధ్నాలుగు మంది. ముందు వరుసలో ఇద్దరు వింటున్నారు, మిగతావాళ్లు బైబిల్ యాప్ కింద ఇంకో యాప్ ఓపెన్ చేసి ఉన్నారు. నాకు తెలుసు, ఆ వయసులో నేనూ అదే చేశా. యాప్‌లు లేవు కాబట్టి బైబిల్లో క్రికెట్ కార్డులు పెట్టుకునేవాణ్ని.

నాలుగో ఆదివారం ఒక తమ్ముడు చెయ్యెత్తాడు. టెన్త్ చదువుతున్నాడు. పేరు చెప్పను, వాడి పర్మిషన్ తీసుకునే ఈ విషయం చెప్తున్నా. ఫోన్ వెనక కవర్ తీసి, అందులోంచి చిన్న కార్డు బయటికి తీశాడు. మన చర్చిల్లో డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక వాగ్దాన కార్డులు తీస్తాం కదా, ఒక్కొక్కరికి ఒక వాక్యం వస్తుంది, అదే కార్డు. వాళ్లింటి పేరు మీద వచ్చింది 91వ కీర్తన. దేవుని చాటున ఉన్న మనిషి ఇంటి దగ్గరికి ఆపద రాదు అనే అర్థం వచ్చే వాక్యం.

వాడు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, దీనికి ఎక్స్‌పైరీ డేట్ ఉంటదా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. వాడు నవ్వలేదు. "కార్డు తీసిన్నాడు బాపు నా పక్కనే ఉండె. జనవరిలనే పోయిండు" అన్నాడు.

వాళ్ల నాన్న చుట్టాల పెళ్లికి పోయి బండి మీద తిరిగొస్తుంటే రోడ్డు యాక్సిడెంట్. నాకు ఆ సంగతి తెలుసు. అంత్యక్రియలకు కూడా పోయాను. అయినా నలభై స్లైడ్లు తయారు చేసుకునేటప్పుడు ఆ పిల్లాడు ఎదురుగా కూర్చుంటాడని ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

నేనేం చెప్పానో తెలుసా? "దేవునికి ఒక ప్లాన్ ఉంటది తమ్ముడూ, మనకు అర్థం కాదు, విశ్వాసంతో ఉండాలి." అని, నెక్స్ట్ స్లైడ్ నొక్కాను.

వాడు తల ఊపాడు. తర్వాత రెండు ఆదివారాలు రాలేదు.

ఇక్కడ నా పాత కథ ఒకటి చెప్పాలి. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నేనూ ఒక ప్రశ్న అడిగా. అది ఏ చర్చో, ఎవరో వద్దు. "మన పక్క క్వార్టర్ అంకుల్ ప్రార్థన చేయడు, అయినా ఎంతో మంచోడు, ఆయన సంగతేంటి?" అని అడిగితే, "విశ్వాసంలో ప్రశ్నలు ఉండవు, కూర్చో" అన్నారు. కూర్చున్నా. ఇంటర్ అయిపోయేదాకా బాడీ మాత్రమే కూర్చుంది. బీటెక్‌లో అది కూడా పోవడం మానేసింది. అంత బాధపడ్డవాణ్ని, తిప్పి నేనూ అదే చేశా. మాటలు తియ్యగా ఉన్నాయి, అంతే తేడా.

ఆ రాత్రి బాపుతో ఈ సంగతి చెప్పా. ఆయన ముప్పై ఏళ్లకు పైగా అండర్‌గ్రౌండ్‌లో చేశారు. చర్చి సంగతి ఏమీ మాట్లాడలేదు. బాయి సంగతి చెప్పారు.

"రూఫ్ మంచిదో కాదో ఎట్ల సూస్తరో ఎరికేనా? రాడ్‌తోని కొట్టి ఇనాలె. గట్టి రూఫ్ ఖంగుమంటది. లోపల పొర ఇడిసింది బొదబొదమంటది."

"కొడితే పడదా బాపూ?"

"వదులున్నది పడితె పడనీ. ముందే దించుకునుడే మంచిది. గని కొట్టేటోడు సపోర్ట్ ఉన్నకాడ నిలవడి కొట్టాలె. కొట్టద్దని మాత్రం ఎవ్వడూ అనడు."

అప్పుడు నాకు అర్థమైంది. ఆ పిల్లాడు రూఫ్ కొట్టి చూస్తున్నాడు. తన నెత్తి మీద ఉన్నది గట్టిదా కాదా అని వాడికి తెలియాలి. వాణ్ని కొట్టొద్దు అనే హక్కు నాకు లేదు. వాడు కొట్టేటప్పుడు వాడికి సపోర్ట్‌గా ఉండటమే నా పని.

సరే, ఇప్పుడు బైబిల్ తెరుద్దాం. లూకా సువార్త 2వ అధ్యాయం చివర్లో యేసు పన్నెండేళ్ల వయసు సంఘటన ఉంది. మన లెక్కలో ఏడో తరగతి. పస్కా పండగకు యెరూషలేము పోయి, తిరిగొచ్చేటప్పుడు గుంపులో ఉన్నాడనుకుని తల్లిదండ్రులు ఒక రోజు ప్రయాణం చేసేశారు. వెనక్కి పోయి వెతికితే మూడు రోజుల తర్వాత దేవాలయంలో దొరికాడు. ఏం చేస్తున్నాడు? 46వ వచనం చూడండి. బోధకుల మధ్యలో కూర్చుని వింటున్నాడు, ప్రశ్నలు అడుగుతున్నాడు. యేసు బాల్యం గురించి సువార్తల్లో ఉన్నదే చాలా తక్కువ. ఆ కొంచెంలో కూడా ఆయన ప్రశ్నలు అడిగిన సంగతి రాసి ఉంది. అక్కడ బోధకులు "కూర్చో" అన్నట్టు లేదు, ఆశ్చర్యపోయినట్టు ఉంది. కాబట్టి టెన్త్ పిల్లాడు ప్రశ్న అడిగితే విశ్వాసం పోతోందని కంగారు పడకండి అన్నలూ.

"మరి కంఠత వాక్యాలు చెప్పించడం తప్పా?" అని కొందరు పెద్దలు నన్ను అడిగారు. తప్పు కాదు. అది ఎందుకు మొదలైందో తెలిస్తే, ఇప్పుడు ఏం చేయాలో కూడా తెలుస్తుంది. దీనికోసం మన బొగ్గు నేల దగ్గరికే వెళ్దాం.

సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందులో మొదలైంది. ఆ ఇల్లందుకు దగ్గర్లోనే డోర్నకల్ ఉంది, రైల్వే జంక్షన్, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. వేదనాయగం శామ్యూల్ అజరయ్య అనే ఆయన తమిళనాడు దక్షిణం నుంచి ఇక్కడికొచ్చారు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు, దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఆయన ఒకరు. ఆ సొసైటీ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న చనిపోయేదాకా డోర్నకల్ బిషప్‌గానే ఉన్నారు.

ఆయన దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల కూలీలు. వాళ్లకు బడి లేదు, అక్షరం లేదు. పుస్తకం చేతికిస్తే చదవలేరు. కాబట్టి పాట ద్వారా, కథ ద్వారా, నోటికి చెప్పించడం ద్వారా నేర్పారు. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి రావాలి. అక్షరం రానివాడికి జ్ఞాపకమే పుస్తకం. అది చాలా గొప్ప పని. దానితో పాటే బళ్లు పెట్టారు, ఆ పిల్లలకు అక్షరాలు నేర్పారు.

ఇంకొంచెం వెనక్కి పోదాం. అసలు సండే స్కూల్‌ని పాపులర్ చేసినాయన రాబర్ట్ రైక్స్. ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్ ఊళ్లో పేపర్ నడిపేవాడు. 1780లో మొదలుపెట్టాడు. ఆదివారమే ఎందుకు? ఆ ఊరి పేద పిల్లలు మిగతా ఆరు రోజులు గుండుసూదుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు. వాళ్లకు ఖాళీ దొరికేది ఆ ఒక్కరోజే. మన సింగరేణి భాషలో చెప్పాలంటే వాళ్ల ప్లే డే. ఆ రోజు వాళ్లకు చదవడం నేర్పాడు, పాఠ్యపుస్తకం బైబిల్. అంటే సండే స్కూల్‌లో "స్కూల్" అనే మాట ఊరికే రాలేదు. పిల్లవాడు తనంతట తాను చదువుకోగలగాలి, దానికోసం పెట్టిన బడి అది.

ఇప్పుడు మన పిల్లల్ని చూడండి. ఫిజిక్స్ చదువుతున్నారు, సోషల్‌లో మ్యాప్ పెడుతున్నారు. తెలుగులో కొత్త నిబంధన 1818లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. మన మంచిర్యాల పక్కనున్న శ్రీరాంపూర్ ఏరియా కాదు బాబూ, బెంగాల్‌లోది! ఆ పుస్తకం ఎంతమంది చేతికి అందిందో ఊహించుకోండి. ఇప్పుడు మొత్తం బైబిల్ ప్రతి పిల్లాడి జేబులో, ఫోన్‌లో ఉంది. అలాంటి పిల్లలకు ఒక్కొక్క వాక్యం ముక్క కోసి చేతికిచ్చి "నోటికి చెప్పు, గిఫ్ట్ ఇస్తా" అంటే ఎలా? నోటికి రావాలి, కానీ అక్కడితో ఆగకూడదు. ఇప్పుడు మనం నేర్పాల్సింది చదవడం. వెనకా ముందూ చూసి చదవడం.

మా సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా చేరినవాళ్లు ఒక తప్పు చేస్తారు. ప్రోగ్రామ్ ఆగిపోతే స్క్రీన్ మీద చివరి లైన్ ఒక్కటే కాపీ చేసి గూగుల్‌లో వెతుకుతారు. సీనియర్ వచ్చి "లాగ్ మొత్తం పైనుంచి చదువు" అంటాడు. చదివితే అసలు సంగతి పది లైన్ల పైన ఉంటుంది. వాగ్దాన వాక్యాలతో మనం చేసేది కూడా ఆ చివరి లైన్ కాపీయే.

ఉదాహరణకు, ఎగ్జామ్స్ టైమ్‌లో అందరి స్టేటస్‌లో ఉండే వాక్యం యిర్మీయా 29:11. మేలు చేసే ఆలోచనలు దేవునికి ఉన్నాయి అనే అర్థం. మంచి మాటే. కానీ దానికి ముందున్న 10వ వచనం ఎంతమంది చదివారు? అందులో డెబ్బై ఏళ్లు అని ఉంది. అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన జనానికి రాసిన ఉత్తరం. రెండేళ్లలో ఇంటికి పోతారని చెప్పే ప్రవక్తలు అప్పుడు పాపులర్. యిర్మీయా మాత్రం, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, ఆ పరాయి ఊరి క్షేమం కోసం కూడా ప్రార్థించండి అని రాశాడు. అంటే ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో చాలామంది ఇంటికి తిరిగి రాకుండానే చనిపోతారు. ఇది తెలిసిన పిల్లాడు రిజల్ట్ తేడా కొట్టినా "దేవుడు మాట తప్పిండు" అనడు. తెలియని పిల్లాడు అంటాడు. తప్పు వాడిది కాదు, ముక్క కోసి ఇచ్చిన మనది.

ఇప్పుడు ఆ కార్డు దగ్గరికి, 91వ కీర్తన దగ్గరికి వద్దాం. ఒక విషయం చెప్తే మా క్లాస్ మొత్తం ఫోన్లు పక్కన పెట్టింది. బైబిల్లో ఈ కీర్తనను ఒకరు ముక్క కోసి వాడతారు. ఎవరు? మత్తయి 4వ అధ్యాయం చూడండి. యేసును దేవాలయం శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారని రాసి ఉంది కదా అంటాడు అపవాది. ఆ మాట 91వ కీర్తన 11, 12 వచనాల్లోది. యేసు దూకలేదు. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలోని ఇంకో మాట చూపించి, దేవుణ్ని అలా పరీక్ష పెట్టకూడదన్నాడు. అంటే, ఆ కీర్తనను యాక్సిడెంట్ జరగని గ్యారంటీ కార్డులాగా వాడటానికి యేసే ఒప్పుకోలేదు. అంత నమ్మకంగా దేవునితో నడిచిన ఆయన తర్వాత సిలువ మీద చనిపోయాడు.

మరి కీర్తన అబద్ధమా? కిందికి చదవండి, 15వ వచనం. ఆపదలో అతనితో నేనుంటాను అనే అర్థంలో దేవుడు మాట్లాడతాడు. ఆపదే రాని మనిషికి ఆపదలో తోడు ఎందుకు? ఆపద వస్తుందని ఆ కీర్తనకే తెలుసు. కార్డులో ఆ లైన్‌కు జాగా సరిపోలేదు, అంతే.

ఇదంతా నాకు తెలిసింది ఆ పిల్లాడు వెళ్లిపోయాక. మూడో వారం వాళ్లింటికి పోయాను. వాళ్ల అమ్మ చాయ్ పెట్టింది. "వాడు ఎవ్వరితోని మాట్లాడుతలేడు బిడ్డా" అంది. నేను ముందు సారీ చెప్పా. "ఆరోజు నీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకుండె తమ్ముడూ, ఉన్నట్టు యాక్టింగ్ చేసిన. ఇప్పుడు కూడా బాపు ఎందుకు పోయిండో నాకు తెలియదు" అన్నా. వాడు తలెత్తి చూశాడు. అంతకుముందు నెల రోజుల్లో నేను చెప్పిన వాటిలో వాడు పట్టించుకున్న మొదటి మాట అదేనేమో.

తర్వాత యోబు గ్రంథం 28వ అధ్యాయం తీసి, "ఇది చదువు, ఏం పనో చెప్పు" అని ఫోన్ ఇచ్చాను.

ఫ్రెండ్స్, ఇది మీలో ఎంతమంది చదివారో కామెంట్‌లో చెప్పండి. ఆ అధ్యాయం మొదటి పదకొండు వచనాలు గని పని గురించే. బొగ్గు కాదు, వెండి, బంగారం, ఇనుము, రాగి. కానీ పని మాత్రం మన బాయి పనే. మనిషి చీకటికి హద్దు పెట్టి లోపలికి పోతాడు. మన క్యాప్ ల్యాంప్ గుర్తొస్తుంది. జనం తిరిగే చోటుకు ఎంతో కింద దారి తవ్వుతాడు, పైన నడిచేవాళ్లు అతన్ని మర్చిపోతారు. మనం చౌరస్తాలో చాయ్ తాగేటప్పుడు సెకండ్ షిఫ్ట్‌లో దిగినవాళ్లు మనకు గుర్తుంటారా? ఆ దారి గద్ద కంటికి కనపడదు, సింహం అక్కడ అడుగు పెట్టలేదు. ఈ భూమి పైన తిండి పండిస్తుంది, కింద మాత్రం నిప్పు పెట్టి తిప్పినట్టు ఉంటుంది. ఇక 11వ వచనం. ఊట నీళ్లు కారకుండా కట్టడి చేసి, దాగున్నదాన్ని వెలుగులోకి తెస్తాడు.

ఆ వచనం దగ్గర వాడు ఆగాడు. మళ్లీ చదివాడు. "అన్నా, ఇది బాపు పనే గదా" అన్నాడు.

వాళ్ల నాన్న పంప్ ఆపరేటర్. బాయిలో ఊరే నీళ్లను పైకి తోడటమే ఆయన డ్యూటీ. పంపు ఆగితే కింద పని ఆగుతుంది. బొగ్గు తీసినోడి ఫోటో పేపర్లో వస్తుంది, నీళ్లు తోడినోడిని ఎవరూ అడగరు. వాడు లేచి లోపలికి పోయి "అమ్మా, బాపు పని బైబిల్ల ఉంది" అని ఆమెకు చదివి వినిపించాడు. ఆమె ఏడ్చింది. నేను ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం కూడా ఆ పుస్తకంలోనే నేర్చుకున్నా. యోబు స్నేహితులు ముగ్గురు వచ్చి ఏడు రోజులు నోరు తెరవకుండా ఆయన పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక, నీ తప్పు వల్లే ఇలా అయిందని మొదలుపెట్టారు. 42వ అధ్యాయం 7వ వచనంలో దేవుడు వాళ్ల మీదే కోప్పడ్డాడు. ప్రశ్న మీద ప్రశ్న అడిగి దేవునితో పోట్లాడిన యోబు సరిగ్గా మాట్లాడాడని, వాళ్లు మాట్లాడలేదని అన్నాడు. పీపీటీ పట్టుకున్న నేను ఎవరి పక్కన ఉన్నానో చూసుకున్నా.

ఇంకో విషయం. 28వ అధ్యాయం 12వ వచనంలో ప్రశ్న వస్తుంది: ఇంత లోతుకు దిగి దాగున్నవన్నీ తీసే మనిషికి జ్ఞానం ఎక్కడ దొరుకుతుంది? భూమిలో లేదు, సముద్రంలో లేదు, బంగారం ఇచ్చినా రాదు. దాని దారి దేవునికే తెలుసు, మనిషికి ఇచ్చింది దేవుని భయం, చెడు నుంచి తప్పుకోవడం అని అధ్యాయం ముగుస్తుంది. మొత్తం గ్రంథం అయిపోయినా యోబుకు తన కష్టానికి కారణం ఎవరూ చెప్పలేదు. మొదటి రెండు అధ్యాయాల్లో జరిగింది చదివే మనకు తెలుసు, ఆయనకు తెలియదు. కాబట్టి పిల్లాడికి "కారణం ఇదీ" అని చెప్పే హక్కు నాకెక్కడిది? బైబిల్ చెప్పనిచోట నేను చెప్తే అది వాక్యం కాదు, నా కల్పన.

అప్పటి నుంచి మా క్లాస్ మారింది. మేం చేసేవి చెప్తా, పనికొస్తే మీ దగ్గర చేయండి.

మొదటిది, వాక్యం ముక్క కాదు, పేరా మొత్తం. చదివాక మూడు ప్రశ్నలు. ఎవరు ఎవరితో అంటున్నారు? దీనికి ముందు, తర్వాత ఏముంది? ఆ మాట విన్నవాళ్లకు తర్వాత ఏం జరిగింది? జవాబు పిల్లలే వెతకాలి. ఫోన్ తీయొద్దు అనడం మానేశా, ఫోన్‌లోనే వెతకమంటున్నా.

రెండోది, ప్రశ్నల డబ్బా. పాత స్వీట్ బాక్స్‌కు పైన గాటు పెట్టాం. పేరు రాయక్కర్లేదు. మొదటి వారం "ఆమెన్ అంటే ఏంటి" లాంటివి వచ్చాయి. మూడో వారం అసలువి వచ్చాయి. డైనోసార్లు, ఇంటర్‌లో ప్రేమ, తాగొచ్చే నాన్న, పక్కింటి హిందూ ఫ్రెండ్. తెలియనిదానికి "తెలియదు, వచ్చే వారం చూసి చెప్తా" అంటా. వచ్చే వారం తప్పకుండా చెప్తా. రెండోదే ముఖ్యం.

మూడోది, బేరాలు బంద్. "సండే స్కూల్‌కు వస్తే టెన్త్‌లో మార్కులొస్తాయి" అని చెప్పి పిల్లల్ని రప్పించొద్దు. చదివితే మార్కులొస్తాయి. మార్కులు తగ్గిన రోజున ఆ పిల్లాడు మన మాటతో పాటు దేవుణ్ని కూడా వదిలేస్తాడు.

నాలుగోది, వేరే ఇంటి పిల్లలు. మా కాలనీల్లో అందరూ కలిసే పెరుగుతారు, బతుకమ్మకు అందరూ ఉంటారు, క్రిస్మస్ కేక్‌కు అందరూ వస్తారు. ఫ్రెండ్‌తో కలిసి ఒక హిందూ తమ్ముడు క్లాస్‌కు వచ్చాడు. నేను ముందు వాళ్ల నాన్నకు ఫోన్ చేసి చెప్పి, ఆయన సరే అన్నాకే కూర్చోబెట్టా. మన రాజ్యాంగం 25వ అధికరణ మత స్వేచ్ఛ ఇచ్చింది. 28వ అధికరణ, పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని, ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడిలో మైనర్ పిల్లల్ని పెద్దవాళ్ల ఒప్పుకోలు లేకుండా మతబోధలో కూర్చోబెట్టకూడదని చెప్తుంది. మన చర్చి క్లాస్ బడి కాకపోవచ్చు. కానీ ఆ రూల్ వెనకున్న మర్యాద మనకూ వర్తిస్తుంది. మన పిల్లల్ని మనకు చెప్పకుండా ఎవరైనా తీసుకుపోతే ఊరుకుంటామా?

ఐదోది, మనం డాక్టర్లం కాదు. పిల్లాడు తిండి మానేసినా, నిద్రపోకపోయినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా, ప్రార్థన చేసి పంపించేసి ఊరుకోవద్దు. ఇంట్లోవాళ్లకు చెప్పండి, డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. సేవ్ చేసుకోండి.

ఆ తమ్ముడు ఇప్పుడు ఎలా ఉన్నాడని అడుగుతారు. ప్రతి ఆదివారం రాడు. వచ్చినప్పుడు వెనక బెంచీలో కూర్చుంటాడు. ఒకరోజు పాడతాడు, ఒకరోజు పాడడు. ఆ కార్డు ఇంకా ఫోన్ వెనకే ఉంది. వెనక వైపు పెన్నుతో "యోబు 28:11" అని రాసుకున్నాడు. ఎక్స్‌పైరీ ప్రశ్నకు నేను ఇప్పటికీ పూర్తి జవాబు చెప్పలేదు. వాడూ అడగడం మానలేదు. పోయిన నెల డబ్బాలో ఒక చీటీ వచ్చింది, పేరు లేదు కానీ చేతిరాత నాకు తెలుసు. "ఆపదలో తోడు అంటే ఎట్ల తెలుస్తది అన్నా?" అని ఉంది. వచ్చే ఆదివారం మా క్లాస్ దాని మీదే. నేనొక్కణ్నే చెప్పను. కష్టం చూసిన ఒక పెద్దమ్మను, మా బాపును పిలిచా. వాళ్లకు ఎలా తెలిసిందో, ఎప్పుడు తెలియలేదో, రెండూ చెప్పమన్నా.

ఈ వారం మీకు ఒక చిన్న పని. యోబు 28 ఫోన్‌లో తీయండి. మీ ఇంట్లో గానీ, పక్క క్వార్టర్‌లో గానీ బాయిలో చేసిన తాతో, బాపో, మామో ఉంటారు. ఏ మతం వాళ్లైనా సరే, అడిగి, వింటానంటే మొదటి పదకొండు వచనాలు చదివి వినిపించండి. "ఇందులో నీ పని ఏది?" అని అడగండి. తర్వాత మీరు మాట్లాడకండి, వాళ్లను మాట్లాడనివ్వండి. విన్నది నాకు కామెంట్‌లో రాయండి.

క్లాస్ తీసుకునే అన్నలు, అక్కలూ, రేపు ఎవరైనా చెయ్యెత్తితే నెక్స్ట్ స్లైడ్ నొక్కకండి. నేను నొక్కి చూశా, పిల్లాడు పోయాడు.